హైదరాబాద్ – విశాఖపట్నం: దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు, లెక్కలు ఎందుకు కలవవు?

సంక్షిప్తంగా: హైదరాబాద్, విశాఖపట్నం మధ్య వాయుమార్గ దూరం సుమారు 500 కి.మీ.; విజయవాడ మీదుగా రోడ్డు దూరం సుమారు 620 నుంచి 630 కి.మీ.; రైలు దూరం సుమారు 700 కి.మీ. టికెట్టు మీద విమాన ప్రయాణం గంటా పది నుంచి గంటా ఇరవై ఐదు నిమిషాల వరకు కనిపిస్తుంది. ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కిస్తే విమానంలో దాదాపు 5 గంటలు, వందేభారత్‌లో సుమారు 10 గంటలు, కారులో 12 గంటలు పడుతుంది. అంకెల మధ్య ఉన్న ఈ తేడాలకు మార్గాల రూపం కొంత కారణమైతే, ప్రయాణం రెండు కొసలలోనూ నేల మీద గడిచే సమయం మిగతా కారణం.

ఒకే ప్రశ్నకు అనేక జవాబులు

హైదరాబాద్ నుంచి విశాఖకు ఎంత దూరమని ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 500, మరోచోట 510, ఇంకోచోట 620, మరొక చోట 700 కి.మీ. అని కనిపిస్తుంది. విమానంలో ఎంతసేపన్న ప్రశ్నకైతే 40 నిమిషాలని చెప్పే పేజీలూ ఉన్నాయి, గంటన్నర అని చెప్పేవీ ఉన్నాయి. వీటిలో చాలావరకు తప్పుడు అంకెలు కావు. ఒక్కొక్కటి ఒక్కో దూరాన్ని, ఒక్కో సమయాన్ని కొలుస్తోంది. దేన్ని కొలిచిందో చెప్పకపోవడం వల్లనే పాఠకుడికి గందరగోళం.

ముందుగా వాయుమార్గ దూరం. ఇది భూగోళం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం. హైదరాబాద్ నడిబొడ్డు 17.39 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.49 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటే, విశాఖ 17.69, 83.22 డిగ్రీల దగ్గర ఉంది. ఒక డిగ్రీ అక్షాంశానికి సుమారు 111 కి.మీ. కాబట్టి ఉత్తర దిశలో తేడా 33 కి.మీ. దాటదు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. మన ప్రాంతపు అక్షాంశం దగ్గర ఒక డిగ్రీకి సుమారు 106 కి.మీ. వస్తుంది. ఆ ప్రకారం తూర్పు దిశలో తేడా 502 కి.మీ. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజపు భుజాలుగా తీసుకుంటే కర్ణం 503 లేదా 504 కి.మీ. అవుతుంది. అంటే విశాఖ హైదరాబాద్‌కు దాదాపు నేరుగా తూర్పున ఉంది. ఇంత తక్కువ దూరానికి భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకున్నా ఫలితం చెప్పుకోదగినంత మారదు.

విమానాలు నగరం నడిబొడ్డు నుంచి ఎగరవు. శంషాబాద్ విమానాశ్రయం నగరానికి నైరుతి దిక్కున ఉంది కనుక, అక్కడి నుంచి విశాఖ విమానాశ్రయానికి కొలిస్తే దూరం 510 కి.మీ. పైచిలుకు అవుతుంది. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో ఇది దాదాపు 276. 500కూ 510కీ మధ్య తేడాకు ఇంతకుమించి కారణం లేదు.

రోడ్డు మీద అదనంగా వచ్చే 120 కి.మీ.

నేరుగా గీసిన గీతకు, రోడ్డు దూరానికి మధ్య సుమారు 120 కి.మీ. తేడా ఉంది. దీన్ని మామూలుగా రోడ్డు వంకరలకు అంటగట్టి వదిలేస్తారు. పటం దగ్గర పెట్టుకుని కొలిస్తే అందులో పెద్ద వాటా విజయవాడదని తేలుతుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ వరకు 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి విశాఖ వరకు 16వ నంబరు జాతీయ రహదారి వాడుకలో ఉన్న ప్రధాన మార్గం. 2010లో నంబర్లు మార్చక ముందు ఇవి 9, 5 నంబర్ల రహదారులు. పాత నంబర్లు నేటికీ చాలామంది నోట వినిపిస్తాయి. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. అంటే నేరుగా తూర్పుకు వెళ్లవలసిన మనిషి ముందు ఆగ్నేయంగా కృష్ణా ఒడ్డుకు దిగి, తర్వాత ఈశాన్యంగా సముద్రతీరం వైపు ఎక్కుతున్నాడు. హైదరాబాద్ – విజయవాడ నేరు దూరం సుమారు 250 కి.మీ., విజయవాడ – విశాఖ నేరు దూరం సుమారు 300 కి.మీ. రెండూ కలిపితే 550. రోడ్డులో ఒక్క వంపు లేకపోయినా, విజయవాడ తాకి వెళ్లినందుకే దాదాపు 50 కి.మీ. అదనంగా పడుతుందన్నమాట.

మిగిలిన 70 కి.మీ. నిజమైన వంపుల లెక్క. మొదటి భాగంలో రోడ్డు సుమారు 275 కి.మీ. కనుక అక్కడ పెరిగింది 25 మాత్రమే. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా వచ్చే ఆ రోడ్డు నేరు గీతను చాలావరకు అంటిపెట్టుకునే ఉంటుంది. రెండో భాగంలో పెరుగుదల ఎక్కువ, దానికి కారణం గోదావరి డెల్టా. రాజమహేంద్రవరం, తుని రెండూ విజయవాడ – విశాఖ నేరు గీత మీదనే దాదాపుగా ఉన్నాయి. కానీ పాత రహదారి ఏలూరు దాటాక తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం వైపు దక్షిణానికి దిగి, గోదావరి పాయలను సిద్ధాంతం దగ్గర ఒకసారి, జొన్నాడ దగ్గర మరోసారి దాటి, మళ్లీ పైకి రాజమహేంద్రవరం చేరుతుంది. గుండుగొలను నుంచి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా నాలుగు వరుసల రోడ్డు వచ్చాక ఈ వంపును తప్పించుకునే వీలు కలిగింది. కొవ్వూరు దగ్గర నాలుగో వంతెన మీద గోదావరిని ఒక్కసారే దాటితే సరిపోతుంది. కొన్ని వెబ్‌సైట్లలో తణుకు దారి, మరికొన్నింటిలో దేవరపల్లి దారి లెక్కలో ఉండటం వల్ల కూడా రోడ్డు దూరం ఒకే అంకెగా కనిపించదు.

ఖమ్మం – దేవరపల్లి మార్గం ఎందుకు ముఖ్యం

ఖమ్మం నుంచి దేవరపల్లి వరకు సుమారు 162 కి.మీ. పొడవున తలపెట్టిన నాలుగు వరుసల గ్రీన్‌ఫీల్డ్ రహదారిని పై లెక్కల వెలుగులో చూడాలి. ఖమ్మం 17.25 డిగ్రీల అక్షాంశం దగ్గర, దేవరపల్లి 17 డిగ్రీల పైన ఉన్నాయి. హైదరాబాద్ – ఖమ్మం – దేవరపల్లి – విశాఖ బిందువులను నేరు గీతలతో కలిపితే మొత్తం సుమారు 520 కి.మీ. వస్తుంది. విజయవాడ మీదుగా ఇదే లెక్క 550. అంటే మలుపు వల్ల వచ్చే అదనపు దూరం 50 నుంచి 20 కి.మీ. లోపుకు పడిపోతుంది.

రోడ్డు మీద చూస్తే హైదరాబాద్ నుంచి సూర్యాపేట మీదుగా ఖమ్మానికి 195 కి.మీ. వరకు, అక్కడి నుంచి దేవరపల్లికి 162, దేవరపల్లి నుంచి విశాఖకు మరో 215 నుంచి 220 కి.మీ. కలిపి 570 నుంచి 580 మధ్య తేలుతుంది. ఆదా 50 కి.మీ. చుట్టూ ఉంటుంది. అంతకంటే పెద్ద అంకెలు ప్రచారంలోకి వచ్చినప్పుడు ఏ పాత మార్గంతో పోల్చారో చూసుకోవడం మంచిది.

దూరం తగ్గడం కంటే సమయం తగ్గడమే ఇక్కడ పెద్ద ప్రయోజనం. గ్రీన్‌ఫీల్డ్ రహదారి అంటే ఊళ్లకు దూరంగా, పొలాల మీదుగా కొత్తగా వేసే రోడ్డు. నిర్ణీత కూడళ్ల దగ్గర తప్ప వాహనాలు ఎక్కడా ఎక్కవు, దిగవు. 65వ నంబరు రహదారి మీద వేగాన్ని దెబ్బతీసేవి ఊరి కూడళ్లు, డివైడర్లలో వదిలిన ఖాళీలు, సర్వీసు రోడ్డు చాలక ఎదురు వచ్చే ద్విచక్ర వాహనాలు, ట్రాక్టర్లు. ఇవేవీ లేని 162 కి.మీ. దొరికితే కారు సగటు వేగం పెరుగుతుంది. రోడ్డు ప్రయాణాన్ని గంటల్లోకి మార్చేది ఆ సగటు వేగమే కానీ స్పీడోమీటరు మీద కనిపించే గరిష్ఠ వేగం కాదు.

రోడ్డు మీద గంటలు ఎక్కడ పోతాయి

నాలుగు వరుసల రోడ్డు మీద కారు గంటకు 90 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు 625 కి.మీ.కు 7 గంటలు చాలాలి. వాస్తవంలో భోజనం, టీ, పెట్రోలు బంకుల ఆగుళ్లతో కలిపి 11 గంటలు తక్కువ కాదు. అంటే సగటు వేగం గంటకు 55 – 57 కి.మీ. మాత్రమే.

ఈ తరుగుదల సమంగా పంచినట్టు ఉండదు. మొదటి పెద్ద నష్టం హైదరాబాద్‌లోనే. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఉండేవారు ఎల్బీనగర్ దాటేసరికి గంటకు పైగా పడుతుంది; ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్దఅంబర్‌పేట దగ్గర దిగితే దూరం పెరిగినా సమయం కలిసివస్తుంది. రెండోది విజయవాడ. కనకదుర్గ ఫ్లైఓవర్, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్లు వచ్చాక పరిస్థితి మెరుగైనప్పటికీ, సాయంత్రం వేళ ఊరు దాటి రామవరప్పాడు మీదుగా గన్నవరం వైపు చేరడానికి పట్టే సమయాన్ని ముందుగా అంచనా వేయడం కష్టం. గొల్లపూడి నుంచి చినఅవుటపల్లి వరకు పడమటి బైపాస్ చేపట్టింది ఊళ్లోకి రానక్కరలేని ఇలాంటి వాహనాల కోసమే. మూడోది విశాఖ ముంగిట అనకాపల్లి – గాజువాక మధ్య, పారిశ్రామిక ప్రాంతపు లారీల రద్దీ.

పండుగ రోజుల లెక్క వేరు. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు వద్ద వాహనాలు బారులు తీరడం ప్రతి ఏటా వార్త అవుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఒక్కో వాహనం టోల్‌గేటు దగ్గర ఆగే సమయం బాగా తగ్గింది. అయినా బారులు పోలేదంటే, గేటు సామర్థ్యాన్ని మించి ఒకే దిశలో, ఒకే పూట వాహనాలు రావడమే కారణం. రోడ్డు ప్రయాణానికి ఒక సగటు సమయం చెప్పే పేజీలు ఈ హెచ్చుతగ్గులను చూపవు.

37 నిమిషాల దూరానికి గంటంబావు ఎందుకు

జెట్ విమానం తగిన ఎత్తులో గంటకు 830 కి.మీ. చుట్టూ వేగంతో ఎగురుతుంది. 510 కి.మీ.ను ఆ వేగంతో భాగిస్తే 37 నిమిషాలు. ఇంటర్నెట్‌లో కనిపించే 40 నిమిషాల అంకె పుట్టుక ఇదే. అయితే ఇంత చిన్న ప్రయాణంలో విమానం ఆ వేగాన్ని నిలుపుకునేది కొద్ది నిమిషాలే.

శంషాబాద్‌లో రన్‌వే తూర్పు–పడమరలుగా ఉంది. గాలికి ఎదురుగా లేవాలన్నది నియమం కనుక, పడమటి గాలి వీచే రోజుల్లో విశాఖ విమానం ముందు పడమరకు లేచి, చుట్టు తిరిగి తూర్పుకు మళ్లాలి. పదివేల అడుగులు దాటేవరకు వేగం 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కి.మీ. మించకూడదు. 33 వేల అడుగుల ఎత్తుకు చేరేసరికి దాదాపు 20 నిమిషాలు, 170 కి.మీ. వరకు ఖర్చవుతాయి. దిగడం అంతకంటే ముందుగా మొదలుపెట్టాలి. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్లు వాడే మోటు లెక్క. ఆ ప్రకారం 33 వేల అడుగుల నుంచి దిగడానికి సుమారు 180 కి.మీ. కావాలి. మొత్తం 510లో ఎక్కడానికి, దిగడానికి 350 పోగా సమతలంగా ఎగిరేందుకు మిగిలేది 160 కి.మీ., పన్నెండు నిమిషాలు. పానీయాల బండి వెనక వరుసకు చేరకముందే సీటు బెల్టులు పెట్టుకోమని ప్రకటన రావడానికి కారణం ఈ లెక్కే.

విశాఖలోనూ రన్‌వే తూర్పు–పడమరలుగానే ఉంది. గాలిని బట్టి పడమటి ముఖంగా దిగవలసి వస్తే విమానం నగరం దాటి సముద్రం మీదికి వెళ్లి వెనక్కి తిరగాలి. పైగా అది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగ స్థావరం. నౌకాదళ విమానాల అవసరాలు పోగా మిగిలిన వేళల్లోనే పౌర విమానాలకు వీలుంటుంది కనుక కొన్నిసార్లు గాలిలో వేచి ఉండక తప్పదు. ఇలా గాలిలో గడిచేది 50 నుంచి 55 నిమిషాలు అవుతుంది.

దీనికి నేల మీద నడక కలుస్తుంది. టికెట్టు మీద వేసే సమయాన్ని విమానయాన పరిభాషలో బ్లాక్ టైమ్ అంటారు. బయలుదేరే చోట చక్రాల కింది దిమ్మలు తీసినప్పటి నుంచి, చేరిన చోట మళ్లీ దిమ్మలు పెట్టే వరకు లెక్క. రన్‌వే దాకా వెళ్లడానికి, వరుసలో ఆగడానికి పది పదిహేను నిమిషాలు, దిగాక టెర్మినల్ చేరడానికి ఐదారు నిమిషాలు అందులోనే ఉంటాయి. ఆపైన సంస్థలు మరికొన్ని నిమిషాలు కలుపుతాయి. నిర్ణీత వేళ దాటి 15 నిమిషాల లోపు చేరితే ఆలస్యం కింద రాదు. షెడ్యూలులోనే కాస్త వెసులుబాటు ఉంచుకుంటే సమయపాలన గణాంకాలు ఇంకా మెరుగ్గా కనిపిస్తాయి. కొన్నిసార్లు విమానం చెప్పిన వేళకంటే పది నిమిషాలు ముందే దిగిందంటే అందులో పైలట్ చాకచక్యం కంటే ఈ ముందుజాగ్రత్త పాత్రే ఎక్కువ.

టర్బోప్రాప్ రకానికి చెందిన, అంటే రెక్కలకు ప్రొపెల్లర్లు ఉండే ఏటీఆర్ విమానాలు గంటకు 500 కి.మీ. వేగంతోనే ఎగురుతాయి. వాటిలో ఇదే ప్రయాణానికి పట్టే అదనపు సమయం మాత్రం ఊహించినంత ఉండదు. జెట్ విమానం తన పూర్తి వేగాన్ని వాడుకునే దూరమే ఇక్కడ లేదు. గాలుల ప్రభావం కూడా నిమిషాల్లోనే: శీతకాలంలో పైఎత్తుల్లో పడమటి గాలులు విశాఖ వెళ్లే విమానానికి తోడ్పడితే, నైరుతి రుతుపవన కాలంలో పైఎత్తున వీచే తూర్పు గాలులు తిరుగు ప్రయాణానికి కలిసివస్తాయి.

గుమ్మం నుంచి గుమ్మానికి

ప్రయాణికుడికి పనికివచ్చేది మొత్తం సమయమే. కూకట్‌పల్లిలో ఇల్లు, విశాఖ సీతమ్మధారలో పని అనుకుంటే, ఔటర్ మీదుగా శంషాబాద్‌కు గంటా పది నిమిషాలు. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూస్తారు కనుక, తనిఖీల వరుసలను కలుపుకుని గంటా ముప్పావు ముందు చేరాలి. విమానానికి గంటా ఇరవై. సామాను తీసుకుని బయటపడటానికి పాతిక నిమిషాలు. అక్కడి నుంచి సీతమ్మధారకు అరగంట. మొత్తం 5 గంటల 10 నిమిషాలు. ఇందులో విమానం కదిలేది నాలుగో వంతు. 500 కి.మీ.కు ఇది గంటకు 97 కి.మీ. సగటు వేగం, కారు సగటుకు రెట్టింపు లోపే.

ఈ లెక్కలో విమాన సమయం తీసేస్తే నేల మీది ఖర్చు దాదాపు 4 గంటలని తేలుతుంది. గమ్యం దగ్గరిదైనా దూరానిదైనా ఈ 4 గంటలు పెద్దగా మారవు. విజయవాడనే తీసుకుంటే, శంషాబాద్ – గన్నవరం వాయుమార్గం సుమారు 265 కి.మీ., టికెట్టు మీద దాదాపు గంట. నేల మీది సమయం కలిపితే 5 గంటలు. రోడ్డు మీద 275 కి.మీ.కు పట్టేదీ సుమారు 5 గంటలే. అంటే విమానం, కారు సమానమయ్యే దూరం మన రోడ్ల మీద 275 – 300 కి.మీ. దగ్గర ఉంది. అది దాటాక ప్రతి 100 కి.మీ.కు కారుకు మరో గంటా యాభై నిమిషాలు పడితే, విమానానికి 7 నిమిషాలు చాలు. విజయవాడకు విమానం ఎక్కడంలో సమయం మిగలదు. విశాఖకు 6 – 7 గంటలు మిగులుతాయి.

రైలు ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది. కాజీపేట, వరంగల్ మీదుగా తిరిగి ఖమ్మం, విజయవాడ రావడం వల్ల రైలు దూరం 700 కి.మీ.కు పెరిగింది. అయినా 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్ – విశాఖ వందేభారత్ దాన్ని ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తోంది. స్టేషన్లు ఊరి మధ్యలోనే ఉండటం, గంటల ముందు చేరనక్కరలేకపోవడం దానికి కలిసివచ్చే అంశాలు. 12 గంటల పైన పట్టే రాత్రి రైళ్లు, స్లీపర్ బస్సులకు గిరాకీ తగ్గకపోవడానికి చవకదనం ఒక్కటే కారణం కాదు. నిద్రలో గడిచిన గంటలను, ఆదా అయిన ఒక రాత్రి లాడ్జి అద్దెను చాలామంది ఖర్చుగా లెక్కించరు, అందులో న్యాయం ఉంది.

భోగాపురంతో మారేది

విజయనగరం జిల్లా భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సంస్థే దీన్నీ చేపట్టింది. పౌర విమానాలు అక్కడికి మారినప్పుడు శంషాబాద్ నుంచి వాయుమార్గ దూరం సుమారు 30 కి.మీ. పెరుగుతుంది, గాలిలో అది రెండు మూడు నిమిషాల మాట. నౌకాదళంతో వేళలు పంచుకునే ఇబ్బంది తప్పడం వల్ల ఆ కాస్తా తిరిగి రావచ్చు కూడా.

నేల మీద మార్పు మాత్రం పెద్దది. ఇప్పటి విమానాశ్రయం విశాఖ నగరంలో కలిసిపోయి ఉంది. భోగాపురం నగరం నడిబొడ్డు నుంచి 45 కి.మీ. పైనే. సీతమ్మధార వాసికి అరగంట ప్రయాణం గంట దాటుతుంది, మొత్తం సమయం 5 గంటల 10 నిమిషాల నుంచి 6 గంటలకు చేరువవుతుంది. విమానాశ్రయం గడప దగ్గరే ఉన్న గాజువాక, దాని అవతలి అనకాపల్లి వారికి నష్టం ఇంకా ఎక్కువ. నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటి వెళ్లాలి. వారికి వందేభారత్‌తో తేడా 3 గంటలకు తగ్గినా ఆశ్చర్యం లేదు. విజయనగరం, శ్రీకాకుళం వారి సంగతి ఇందుకు తిరగబడుతుంది. ఇప్పుడు విశాఖ ట్రాఫిక్‌ను దాటుకుని విమానాశ్రయం చేరే ఆ రెండు జిల్లాల ప్రయాణికులకు 16వ నంబరు రహదారి మీద, నగరంలో అడుగుపెట్టకుండానే విమానం అందుబాటులోకి వస్తుంది. మధురవాడ, ఆనందపురం పాత, కొత్త విమానాశ్రయాల నడుమ ఉన్నాయి. అక్కడివారికి లాభనష్టాలు దాదాపు సరిపోతాయి.